బేరం నేర్చిన వేసవి

ఆ వేసవిలో మా మామ నా కూతురికి బేరం నేర్పాడు. నేర్పుతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే.

జయశ్రీకి అప్పుడు ఎనిమిదేళ్ళు. బడికి సెలవులిచ్చిన రోజు సాయంత్రం మామ దొడ్లోకి దిగి, మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను చంకన ఇరికించుకొచ్చి జయశ్రీ ముందు దించాడు. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ కాటుక పులిమినట్టు నల్లటి మచ్చలు.

"ఇది నీది. మేపుకుంటావో, అమ్ముకుంటావో నీ ఇష్టం. బడిలో కూడికలు చెప్తారు గానీ ఏది ఎప్పుడు అమ్మాలో ఎవురూ చెప్పరు. అది నాకాడ నేర్చుకో" అన్నాడు.

మా ఊరు ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో కొండను ఆనుకొని ఉంటుంది. వానను నమ్ముకున్నవాళ్ళకంటే జీవాలను నమ్ముకున్నవాళ్ళే అక్కడ కాస్త నిలదొక్కుకున్నారు. మా మామ పెంచలనరసయ్య మారుబేరగాడు. ఒక సంతలో గొర్రెలు కొని ఇంకో సంతలో అమ్మేవాడు. ఎదుటి మనిషి నడిచొచ్చే తీరు చూసి వాడి జేబు బరువు చెప్పగలడని ఆయనకు పేరు. కొడుకు, అంటే నా భర్త వెంకటకృష్ణకు ఆ విద్య ఒంటపట్టలేదు. కొనేవాడు ఇంట్లో కష్టమొచ్చిందని ఒక్క మాటంటే చాలు, ధర దించేసేవాడు. "వీడు సంతకు పోతే గొర్రెతో పాటు తాడు కూడా ఇచ్చొస్తాడు" అని మామ పదిమందిలో అనేవాడు. ఆ మాటకు నా భర్త నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం గుచ్చుకునేది. నా కూతురు అలా ఊరుకునే మనిషి కాకూడదనుకున్నాను.

రోజూ పొద్దున్నే అరుగు మీద పాఠం. మామ తన తువ్వాలు ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. సంతలో గొర్రెల బేరం అలాగే జరుగుతుంది. పక్కవాడికి ధర తెలియకుండా, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకుంటారు. జయశ్రీ చిన్న చెయ్యి ఆ ముతక గుడ్డ కింద కదులుతూ ఉండేది. మామ దాని మొహం చూస్తూ, "కళ్ళు ఆర్పబాక. నీకు ధర నచ్చిందని నీ మొహం చెప్పగూడదు" అనేవాడు. కొద్ది రోజుల్లోనే ఆ మొహం ఏమీ చెప్పకుండా ఉండటం నేర్చుకుంది. ఒకసారి నేను అన్నం పెడుతూ, "కూర బాగుండాదా?" అని అడిగితే అదే మొహం పెట్టింది. నేను నవ్వుకున్నాను.

ఆత్మకూరు సంతకు మొదటిసారి దాన్ని తీసుకుపోయినప్పుడు నేనూ వెళ్ళాను. ఆ రోజు మామ దగ్గర ఒక ముసలి గొర్రె ఉంది. వరసగా రెండు ఈతలు చచ్చిన పిల్లల్నే వేసింది. కలువాయి వైపు మనిషి ఒకడొచ్చి దాని మూతి తెరిచి పళ్ళు చూశాడు, పొదుగు పిసికి చూశాడు, వయసెంతని అడిగాడు. మామ ఉన్నదున్నట్టు చెప్పాడు. "మొన్న ఈతలో..." అని జయశ్రీ ఏదో చెప్పబోయింది. మామ చెయ్యి మెల్లగా దాని భుజం మీద వాలింది. పిల్ల నోరు మూసుకుంది. తువ్వాలు కింద బేరం కుదిరింది. ఆ మనిషి గొర్రెను తోలుకుపోయాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని జయశ్రీ అడిగింది. "తాతా, దానికి పిల్లలు చచ్చిపోయినాయి గదా. ఆయనకు చెప్పలేదే?"

"ఆయన అడిగినాడా?"

"లేదు."

"అడిగుంటే చెప్పుండేవాణ్ణి. మనం అబద్ధమాడే రకం కాదు. అడిగిందానికి నిజం చెప్పాల. అడగనిదానికి నోరు తెరవబాక. యాపారమంటే అంతే."

"మరి ఆయనకు అడగడం తెలీకపోతే?"

"తెలిసినోడికి ఎవురన్నా అమ్ముతారా తల్లీ?" అని మామ నవ్వాడు. ముందు సీట్లో కూర్చున్న మనిషి కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. జయశ్రీ నవ్వలేదు. ఎక్కం కంఠతా పట్టేటప్పటిలా పెదాలు కదుపుతూ ఆ మాటనే లోపల్లోపల అప్పజెప్పుకుంటోంది. అప్పుడు మొదటిసారి నాకెందుకో ఒంట్లో చలి పాకినట్టయింది. బయట చూస్తే మే నెల ఎండ.

చెంచమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. చెరువుకట్ట కింద కాలనీలో ఉండేది. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళు చేపలు పట్టి అమ్మింది. చెరువు ఎండిపోయాక మహిళా గ్రూపులో అప్పు తీసుకొని మేకలు కొనుక్కుంది. కూతురు నెల్లూరు దిగువన రొయ్యల గుంటల్లో పనికి పోతే మనవరాలు మాధవిని తనే సాకుతోంది. మాధవి, జయశ్రీ ఒకే తరగతి. సెలవుల్లో మా వాకిట్లోనే ఆడుకునేవాళ్ళు. ఆ వేసవి ఆటంతా సంతే. చింతపిక్కలే డబ్బులు. సాయంత్రానికి చింతపిక్కలన్నీ జయశ్రీ ముందు కుప్పయ్యేవి. ఒకరోజు మాధవి కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోయింది. చూస్తే దాని గాజులు మా పిల్ల చేతికున్నాయి.

"ఇచ్చెయ్యి" అన్నాను.

"అది ఒప్పుకొనే ఇచ్చింది మా. నేనేం లాక్కోలా."

దాని చెయ్యి పట్టుకొని కాలనీకి తీసుకుపోయి గాజులు ఇప్పించాను. చెంచమ్మ నవ్వి, "పిల్లల ఆటకు ఇంత దూరమొస్తారా మల్లీశ్వరమ్మా?" అని మాకు ముంజలు కొట్టిచ్చింది. దారిలో జయశ్రీ నా చెయ్యి విడిపించుకొని ముందు నడిచింది.

సెలవుల మొదట్లో మందను తోలుకొని మేతకు పోయిన నా భర్త నెలాఖరులో తిరిగొచ్చాడు. వరికోతలైన పొలాల్లో మేపుకోను, రైతులకు ఎరువు కోసం రాత్రిళ్ళు మంద కట్టుకోను ప్రతి వేసవి ఆత్మకూరు కాలవల కిందికి పోవడం ఆయనకు అలవాటు. ఆయన అక్కడున్నప్పుడే మా ఊళ్ళో గొర్రెలకు టీకాలు వేశారు. టీకా వేయించమని పశువుల డాక్టరు అంతకుముందు కూడా చెప్పాడు గానీ, సూది పొడిస్తే చూలు పోతుందని మామ ఒప్పుకోలేదు.

మంద వచ్చిన మర్నాడు తెల్లారుజామున దొడ్లోంచి దగ్గు వినపడింది. మనిషి దగ్గినట్టే. వెళ్ళి చూస్తే నాలుగైదు గొర్రెలు చెవులు వేలాడేసుకొని, మేత ముట్టకుండా గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. ముక్కులు కారుతున్నాయి. కళ్ళ కింద వెంట్రుకలు తడిసి అట్టకట్టాయి.

"నాయనా, డాక్టరుకు చూపిద్దాం" అన్నాడు నా భర్త.

"డాక్టరు చూస్తే ఊరు చూసినట్టే" అన్నాడు మామ. "ఇయ్యాళ సంతుండాది. ఎండదెబ్బ తగిలినయ్యి ఏరి బండెక్కించు."

"ఎండదెబ్బ కాదు నాయనా. దారిలో ఇంకో మందలో చూసినాను. అయ్యి చచ్చిపోయినాయి."

మామ ఆ మాట విననట్టే బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. తువ్వాలు తడిపి ఒక్కో గొర్రె ముక్కు, కళ్ళు శుభ్రంగా తుడిచాడు. తలలు కదలకుండా పట్టుకుంది జయశ్రీ. తాత ఏమీ చెప్పకుండానే ఒకటి అయ్యాక ఇంకోదాన్ని పట్టుకుంటోంది.

ఆ పొద్దే నేను కొండాపురం పోవాలి. మా అమ్మకు కంటి ఆపరేషన్ చేయించారు, చూసుకునేవాళ్ళు లేరు. సంచి సర్దుకొని బయటికొచ్చేసరికి జయశ్రీ బండిలో డ్రైవరు పక్కన కూర్చొని ఉంది.

"పిల్లనెందుకు మామా ఇయ్యాళ? దించండి" అన్నాను.

"ఇయ్యాళే నేర్చుకోవాల" అన్నాడు మామ. బండి కదిలింది. నా భర్త దొడ్డి గేటు దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. డాక్టర్ని పిలుచుకు రమ్మని, పిల్లను ఇంక సంతకు పంపొద్దని ఆయనకు చెప్పి నేను బస్సెక్కాను. కొండాపురంలో ఉన్న పది రోజులూ ఫోన్ చేసినప్పుడల్లా "చూస్తుండాను, పర్లేదు" అనేవాడు. ఆ మాట వెనక గొర్రెల దగ్గు వినపడుతూనే ఉండేది.

నేను తిరిగొచ్చిన మధ్యాహ్నం ఊరు మొదట్లోనే వాసన తగిలింది. దొడ్లో సగం మంద పడుకొని ఉంది. తోకల కింద నీళ్ళ పారుడు. ఈగలు. మామ అరుగు మీద గోడకానుకొని కూర్చున్నాడు. ఆయన ఎదురు చెప్పినా వినకుండా నా భర్త ఆ పొద్దున్నే ఉదయగిరికి డాక్టరు కోసం పోయాడట. జయశ్రీ వసారాలో ఒక్కతే కూర్చొని ఉంది. దాని గొర్రెపిల్లను కట్టే గుంజ ఖాళీగా ఉంది.

"యాడ నీ పిల్ల? చచ్చిపోయిందా?" అని అడిగాను.

"అమ్మేసినాను."

"ఎవురికి?"

"చెంచమ్మవ్వకు. మాధవికి అదంటే ఇష్టం గదా. మంచి ధరకే అమ్మినాను." లంగా బొడ్డున దోపుకున్న నోట్లు తీసి చూపించింది. ఆ లంగా అంచున ఎండిపోయిన చీమిడి మరకలున్నాయి.

"దానికి అప్పటికే ముక్కు కారతా ఉండిందా?"

"ఉండింది. తుడిచినాను." నా మొహం చూసి కొంచెం గొంతు తగ్గించింది. "తాత తిట్టినాడు మా. ఊర్లో అమ్మగూడదంట. సంతలో అయితే అమ్మొచ్చంట."

మామ వైపు చూశాను. ఆయన వీధి వైపు చూస్తున్నాడు. "నడువు, చెంచమ్మ ఇంటికి పోదాం" అని పిల్ల చెయ్యి పట్టుకొని లేపాను.

పోనక్కరలేకపోయింది. చెంచమ్మే వస్తోంది. భుజాన ఒక మేకపిల్ల, దాని మెడ వాలిపోయి ఆమె వీపు మీద ఊగుతోంది. వెనకే మాధవి. పోట్లాటకు వస్తోందేమో అనుకున్నాను. కాదు. సలహాకు వచ్చింది.

"పెద్దాయనా, నీకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవురికీ తెలీదు. కొంచెం చూడు. నిన్న రెండు పోయినాయి. పొద్దున ఇంకోటి. ఇదీ నిలబడేట్టు లేదు. పాలు కూడా తాగడంలా" అని మేకపిల్లను అరుగు మీద పడుకోబెట్టింది.

మామ వంగి దాని మూతి తెరిచాడు. లోపల చిగుళ్ళన్నీ పుళ్ళు. మూతి మూసి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "ఎండలకు చెంచమ్మా. రాగిజావ పట్టించు. నీడన కట్టు" అన్నాడు.

చెంచమ్మ తల ఊపింది గానీ కదల్లేదు. జయశ్రీ వైపు తిరిగి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పాపా, నువ్విచ్చిన పిల్ల మొన్ననే పోయింది. మీ ఇంటి జీవం గదా అని నేను దాని నోరు కూడా తెరిచి చూళ్ళా. నువ్వు ఇచ్చేటప్పటికే దానికేమన్నా జబ్బుండిందా తల్లీ?"

ఇప్పుడు అడిగింది. ఎదురుగా కూర్చొని, సూటిగా అడిగింది. జయశ్రీ నోరు తెరిచి, మామ వైపు చూసింది. తాత చెప్పిన పాఠం ప్రకారం ఏం చెప్పాలో దానికి బాగా తెలుసు. తాత ఒప్పుకుంటాడా అన్నట్టు చూసింది.

"లేదు చెంచమ్మా" అన్నాడు మామ. "నిక్షేపంగా ఉండింది."

"నేను పాపను అడిగినాను పెద్దాయనా."

జయశ్రీ మొహంలో అప్పటిదాకా ఉన్న బెరుకు నా కళ్ళముందే ఆరిపోయింది. కళ్ళు ఆర్పకుండా చెంచమ్మను చూసింది. "లేదవ్వా. నిక్షేపంగా ఉండింది" అంది. అదే మాట, అదే గొంతు.

"ఉండింది చెంచమ్మా" అన్నాను నేను. "మా మందంతా అదే జబ్బు. వచ్చి దొడ్లో చూడు."

చెంచమ్మ దొడ్డి దాకా వచ్చింది. గోడ మీంచి చూసింది. ఎంతసేపు చూసిందో. తిరిగొచ్చి మేకపిల్లను భుజాన వేసుకుంది. మామతో, "నువ్వంటే యాపారస్తుడివి పెద్దాయనా. నీ మాట నేను సగమే నమ్ముతా, ఎప్పుడూ అంతే" అంది. జయశ్రీ వైపు ఒకసారి చూసింది. మాధవి చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. మాధవి వెనక్కి తిరిగి చూస్తూ పోయింది, చెంచమ్మ తిరిగి చూడలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. గొర్రెలకూ మేకలకూ అంటుకునే పారుడు రోగమన్నాడు. అంటనివాటికి టీకాలు వేసి, మిగతావాటికి చెయ్యగలిగిందేమీ లేదన్నాడు. ఆ తర్వాత రోజులన్నీ గుంతలు తవ్వడమే. కొండ వాలులో నేల రాయిలా ఉంది, గడ్డపార దిగదు. నా భర్త తవ్వేవాడు, నేను సున్నం చల్లేదాన్ని. పైన గద్దలు తిరిగేవి. మామ ఒక్కసారి కూడా గుంతల దగ్గరికి రాలేదు. ఊళ్ళో మా బావి దగ్గర నీళ్ళు తోడుకునేవాళ్ళు వేరే బావికి పోసాగారు. సంత నుంచి మామను పిలవడానికి వచ్చే ఫోన్లు ఆగిపోయాయి. ఆత్మకూరులో మా గొర్రెలు కొన్నవాళ్ళ మందలు ఏమయ్యాయో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

చెంచమ్మకు ఒక్క మేకా మిగల్లేదు. నా భర్త మోటారుసైకిలు అమ్మి, కొండాపురంలో మంచి మేకలు కొని తోలుకొస్తానని ఆమె దగ్గరికి వెళ్ళాడు. "మీ చేత్తో కొన్నయ్యి నాకొద్దు నాయనా. డబ్బే ఇయ్యి. నేను చూసి కొనుక్కుంటా" అందట. ఇచ్చి వచ్చాడు. మామతో ఆ సంగతి చెప్పలేదు. తండ్రీకొడుకుల మధ్య మాటలు అప్పటికే తగ్గిపోయాయి.

ఒక పొద్దున జయశ్రీకి తల దువ్వుతూ అడిగాను. "చెంచమ్మవ్వ అడిగినప్పుడు ఎందుకు అట్టా చెప్పినావు?"

ఒళ్ళో రిబ్బను వేలికి చుట్టుకుంది. తర్వాత, "తాత ముందే లేదన్నాడు గదా. నేను ఉండిందంటే తాత అబద్ధమాడినట్టు అయిపోతాడు" అంది. దువ్వెన నా చేతిలో ఆగిపోయింది.

బడి తెరిచాక విజయకుమారి టీచరు పిల్లల చేత బడి ఆవరణలో సంత పెట్టించింది. పిల్లలకు డబ్బు లెక్క, కొనడం, అమ్మడం తెలియాలని పై నుంచి చెప్పారట. ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఏదో ఒకటి తెచ్చి అమ్మాలి, పెద్దవాళ్ళు వచ్చి కొనాలి. జయశ్రీని పంపాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే అదే వచ్చి, "శెనక్కాయలు ఉడకేసి పెట్టు మా" అంది.

వానల్లేవు, జూన్ ఎండ ఇంకా మాడుస్తూనే ఉంది. గోనెపట్టలు పరిచి పిల్లలు వరసగా కూర్చున్నారు. మాధవి ముందు కొండ మీద ఏరిన నేరేడు పళ్ళు. వెనకాల చెంచమ్మ. జనం బాగానే వచ్చారు. నేరేడు పళ్ళు అయిపోవచ్చాయి. మజ్జిగ అయిపోయింది. మా పిల్ల ముందుకు ఎవరూ రాలేదు. ఒక చిన్నవాడు ఆగబోతే వాళ్ళమ్మ వాడి రెక్క పట్టుకొని పక్కకు లాగింది. జయశ్రీ కాగితం పొట్లాల్లో కాయలు పోసి, మూతులు మడిచి, వరసగా పెట్టి కూర్చుంది. మొహంలో ఏమీ లేదు.

అప్పుడు గేట్లోంచి మామ వచ్చాడు. గుంతలు తవ్విన రోజుల తర్వాత ఆయన వీధిలోకి రావడం అదే. చలువ పంచె కట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారని తెలిసీ నేరుగా మనవరాలి ముందుకొచ్చి నిలబడి, జేబులోంచి నోటు తీశాడు.

"బోణీ నేను చేస్తా తల్లీ" అన్నాడు.

జయశ్రీ తలెత్తి చూసింది. "నీకు అమ్మను తాతా."

"ఎందుకమ్మా?"

"నువ్వు కొంటే ఇంకెవురూ రారు."

కోపంగా అనలేదు. సంతలో మామ కొనేవాళ్ళతో ఎలా మాట్లాడేవాడో అలాగే అంది. మామ నోటు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, వచ్చిన దారినే నడిచాడు.

నేను పిల్ల పక్కకు పోయి కూర్చోబోయాను.

"మా, నువ్వు కూడా కొంచెం అవతలికి పో" అంది, నా వైపు చూడకుండానే.

పోయాను. గేటు బయట మామ ఎండలోనే నిలబడి ఉన్నాడు. ఆయన పక్కనే నిలబడ్డాను. లోపల మాధవి లేచింది. వాళ్ళవ్వ వారించలేదు. మాధవి వచ్చి జయశ్రీ ముందు గొంతుక్కూర్చొని, ఒక పొట్లం విప్పి, కాయ ఒకటి తీసి ఒలిచింది. పప్పు వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసింది. తర్వాత జయశ్రీని ఏదో అడిగింది. జయశ్రీ చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది.

"ఏం చెప్తుండాది?" అని మామ అడిగాడు.

నాకూ వినపడలేదు. మాధవి తల ఊపలేదు, లేచి పోనూ లేదు. ఇంకో కాయ తీసి ఒలుస్తోంది.